సీసాలు ఏరిన గురువు

ధ్యానభాగము: యోహాను 6:1-13



అయిదు వేలమంది తృప్తిగా భుజించిన పిమ్మట, మిగిలిన ముక్కలలో ఏదియు నష్టపడకుండ పోగుచేయుడని మన ప్రభువు శిష్యులకు సెలవిచ్చెను. ఈ భాగము చదివినప్పుడెల్ల మాకు జార్జి వాషింగ్టన్ కార్వరుగారి జీవితము జ్ఞాపకము వచ్చుచుండును.

ఈయన సుమారు 1864లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమందు బానిస తల్లికి పుట్టెను. పసితనమందే దోపిడిగాండ్రు తల్లిని బిడ్డను ఎత్తుకొనిపోయిరి. బిడ్డ దొరికెను గాని తల్లి మరల కానరాలేదు. దగ్గరి బడిలో నల్లజాతి పిల్లలకు చోటు లేనందున బాలుడు నియోషో అను ఊరికి నడిచిపోయెను. అచ్చట మరియా వాట్కిన్స్ అను మంత్రసాని తన యింట చేర్చుకొని, ఒక బైబిలు కూడ ఇచ్చెను. తరువాత ఒక కళాశాల అతనిని చేర్చుకొందుమని చెప్పి, రంగు చూచి త్రిప్పిపంపెను. సింప్సను కళాశాలలో చిత్రలేఖనము నేర్చుకొనుచుండగా, ఎట్టా బడ్ అను ఉపాధ్యాయిని మొక్కలయందు అతనికిగల ప్రేమను కనిపెట్టి, అయోవా వ్యవసాయ కళాశాలకు పొమ్మని ప్రోత్సహించెను. 1896లో అచ్చట పై పట్టము పొందెను.

ఆ యేడే బుకర్ టి. వాషింగ్టన్‌గారు పిలువగా, అలబామాలోని టస్కెగీ నల్లజాతి విద్యాలయమునకు వచ్చెను. ప్రయోగములకు సామాను లేదు. ఆయన విద్యార్థులను వెంటబెట్టుకొని చెత్తకుప్పలు వెదకి, పాత సీసాలు, మూతలు, తీగెముక్కలు ఏరించి, వాటితోనే పాఠము మొదలుపెట్టెను.

మా నర్మెట్ట రైతులవలెనే అచ్చటివారును పత్తిని నమ్ముకొన్నవారు. ఏటేట పత్తియే వేయగా నేల సారము తగ్గిపోయెను. వేరుశనగ, అలసంద వేళ్లకుండు చిన్న బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలము చేకూర్చును గనుక, పంట మార్చుడని ఆయన బోధించెను. 1906లో ఈ పాఠములు బండిమీద పల్లెలకు పోయెను. ఆ బండి నడిపినవాడు టస్కెగీలో చదివిన థామస్ క్యాంబెల్.

వేరుశనగతో చేసిన వస్తువులనుబట్టి లోకము ఈయనను పొగడును. ఆ కథలలో కొన్ని మితిమీరినవి. మాకు మాత్రము ఆయన తన పిల్లలకిచ్చిన సమయమే గొప్పగా తోచుచున్నది. ఆదివారపు సాయంకాలములు వారితో బైబిలు చదివెను. విడిచిపోయినవారికి ఉత్తరములు వ్రాసెను. 47 సంవత్సరములు అచ్చటనే యుండి, 1943 జనవరి 5న ప్రభువునందు నిద్రించెను.

మా తప్పు ఒకటి ఒప్పుకొందుము. ఒక సాయంకాలము ఎనిమిదవ తరగతి బాలుడొకడు సైన్సు ప్రదర్శనకు ఏమి చేయవలెనో చెప్పుడని మా అరుగునకు వచ్చెను. ప్రసంగము సిద్ధపరచుకొనుచున్నామని పంపివేసితిమి. అతడు మరల రాలేదు. మేము పోగుచేయని ముక్క అది.

మన సంఘములలో సైన్సు చదివిన యౌవనులు కలరు. వారమునకు ఒక గంట ఇయ్యలేరా? ఒక ఖాళీ సీసా, వేళ్లతో పెరికిన ఒక పల్లిచెట్టు చాలును. మరియమ్మవలె చోటిచ్చు మనస్సును, ఎట్టమ్మవలె కనిపెట్టు కన్నులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.