తాటిమొవ్వులో తెగులును చూచిన వైద్యుడు - ఎడ్విన్ జాన్ బట్లర్

గోదావరి డెల్టాలోని తాటిచెట్లకును, ఐర్లండు దేశపు సముద్రతీరానికిని ఏమి సంబంధమని విద్యార్థులు అడుగవచ్చును. ఆ సంబంధం పేరే ఎడ్విన్ జాన్ బట్లర్. భాషాబోధకులమైన మేము ఈ విషయాన్ని ఎత్తుకొన్నందుకు వృక్షశాస్త్ర శాఖలోని మిత్రులు మన్నింతురు గాక.

బట్లర్ 1874లో ఐర్లండులోని కిల్కీ అనే ఊరిలో జన్మించారు. కార్క్ నగరంలో వైద్యశాస్త్రం చదివి 1898లో పట్టం పొందారు. కాని ఆయన మనస్సు రోగుల మీద కంటే నీటిలో పెరిగే బూజుల మీదనే నిలిచింది. పారిస్‌లో కొంతకాలం పరిశోధన చేసి, 1901లో భారత ప్రభుత్వ ఉద్యోగియై కలకత్తా చేరుకొన్నారు. తరువాత కొంతకాలానికి బీహారులోని పూసా పరిశోధనాలయానికి మారారు.

ఆ రోజులలో గోదావరి మండలంలో తాటిచెట్లు వరుసగా చనిపోతూ ఉండేవి. కొబ్బరి, పోక చెట్లను సైతం ఆ తెగులు విడువలేదు. వేప కొమ్మ విరిగితే ప్రక్కన మరొక కొమ్మ పుట్టును. తాటికి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది కుళ్ళిన నాడు నిలువెత్తు చెట్టు మొండెమై మిగులును. కల్లుగీత మీద, తాటాకు మీద బ్రతికే కుటుంబాలకు అది ఇంటి దూలం విరిగినట్లే. బట్లర్ ఆ చెట్లను పరీక్షించారు. కుళ్ళిన మొవ్వు నిండా బాక్టీరియా కనిపించును. అయితే అవి రోగానికి కారణమా, లేక రోగం వచ్చిన పిమ్మట చేరిన అతిథులా? వైద్యవిద్య ఆయనకు ఇక్కడ అక్కరకు వచ్చిందని మా ఊహ. పూర్తిగా కుళ్ళిన భాగాన్ని నమ్ముకొనక, రోగం అప్పుడప్పుడే ప్రాకుచున్న అంచున వెదకవలెను. ఆయన బాక్టీరియాను గాక, బూజు వంటి మరొక జీవిని దోషిగా నిర్ణయించి 1907లో దానికి పిథియమ్ పాల్మివోరమ్ అని పేరు పెట్టారు. తెగులు సోకిన చెట్ల తలలు నరికి కాల్చివేయించే పనిని ప్రభుత్వం చేపట్టింది. తన చెట్టు తల కాలుతూ ఉండగా చూచిన రైతు బాధ ఏ నివేదికకును పూర్తిగా అందదు. అయినను ప్రక్క చెట్టును కాపాడుటకు అప్పటికి వేరు దారి లేదు.

క్యూబాలో కొబ్బరి మొవ్వుకుళ్ళును పరిశీలించిన జాన్‌స్టన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1912లో ఆ నేరాన్ని బాక్టీరియా మీదనే మోపాడు.

ఇక బట్లర్ పొరపడిన చోటును కూడ చెప్పవలెను. తిరువాన్కూరులో 1882 వరదల తరువాత కొబ్బరికి ఒక వింత తెగులు పట్టింది. ఆకులు వడలి, ఈనెలు లోనికి వంగును. చెట్టు వెంటనే చావదు, ఏళ్ళ తరబడి కాపు తగ్గుతూ నిలిచియుండును. బట్లర్ దానిని చూచి 1908లో నివేదిక వ్రాశారు. వేళ్ళలో కనిపించిన శిలీంధ్రాన్ని ఆయన అనుమానించారు. అసలు దోషి ఆయన సూక్ష్మదర్శినికి అందనిది. కణకవచం లేని అతిసూక్ష్మమైన ఫైటోప్లాస్మా అనే బాక్టీరియా అది. గాజు పాత్రలో దానిని పెంచుట నేటికిని కష్టమే. 1967లో జపాను శాస్త్రజ్ఞులు ఇటువంటి జీవులను మొట్టమొదట ఇతర మొక్కలలో గుర్తించారు. 1983లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఈ కొబ్బరిలోనూ వాటిని చూపింది.

ఈ శతాబ్దంలో జన్యు పరీక్షలు ఆ ఆధారాన్ని బలపరచాయి. ఆకు నుండి డీఎన్ఏను తీసి, బాక్టీరియాకు ప్రత్యేకమైన ఒక జన్యువు ముక్కను కోట్ల సంఖ్యకు పెంచి, తెలిసిన జాతులతో పోల్చెదరు. చెట్టులో ఈ జీవులు కొద్దిగాను, అక్కడక్కడను ఉండుటచేత, ఒక ఆకులో దొరకనంత మాత్రాన చెట్టుకు రోగం లేదని చెప్పుటకు వీలుకాదు. బట్లర్ ఎదుట అటువంటి సాధనం ఉన్నట్లయితే తిరువాన్కూరు నివేదిక వేరుగా ఉండేదని మా నమ్మకం.

ఆయన 1918లో భారతదేశపు పంటల తెగుళ్ళపై పెద్ద గ్రంథం ప్రకటించారు. 1920లో క్యూలో స్థాపితమైన ఇంపీరియల్ బ్యూరో ఆఫ్ మైకాలజీకి అధిపతియై, 1926లో రాయల్ సొసైటీ సభ్యుడై, 1939లో సర్ బిరుదు పొంది, 1943లో మరణించారు. గోదావరి తెగులు జీవిని 1919లో తానే ఫైటాఫ్తోరా పాల్మివోరా అని సవరించారు. అది నిజమైన శిలీంధ్రం కాదని, గోధుమరంగు సముద్రపు నాచులకు బంధువని జన్యుశాస్త్రం పిమ్మట తేల్చింది. శాస్త్రీయ పట్టికలలో ఆ పేరు ప్రక్కన నేటికిని బట్లర్ పేరు వ్రాయుచున్నారు.