భక్త నర్సీ మెహతా – తాకట్టుపడిన కేదార రాగము

అవసరము వచ్చినపుడు మనుజుడు తాకట్టు పెట్టు వస్తువులు అనేకములు. బంగారము, భూమి, ఇల్లు, పాడిపశువు, చివరకు ఇత్తడి బిందె – వీనిలో ఏదో ఒకటి షాహుకారు ఇంటికి పంపని కుటుంబము మన పల్లెలలో అరుదు. సంగీతము నెఱిగినవారు కష్టకాలమున వీణను, తంబురాను సైతము అమ్ముకొని, ఆ పిమ్మట ఎంత సొమ్ము చేతికి వచ్చినను ఆ నాదము మరల రాక జీవితాంతము వగచిన సంగతులును కలవు. అయితే ఇప్పటికి ఇంచుమించు ఐదున్నర శతాబ్దముల క్రిందట ఘూర్జరదేశమున ఒక మహాభక్తుడు, ఇంట వాద్యము కూడ మిగులని దారిద్ర్యమున, తనకు ప్రాణప్రదమైన ఒక రాగమునే తాకట్టు పెట్టెను. ఆయనయే నర్సీ మెహతా. గాంధీమహాత్ముని ఆశ్రమ ప్రార్థనల మూలమున తెలుగునాట బడిపిల్లలకు సైతము పరిచితమైన ‘వైష్ణవ జన తో’ అను కీర్తనమును రచించినది ఈయనయే.

సంప్రదాయము ననుసరించి నర్సీ మెహతా క్రీ.శ. 1414వ సంవత్సరమున, సౌరాష్ట్రములో నేటి భావనగర్ జిల్లాయందలి తళాజా అను ఊర జన్మించెను. కొందఱు పండితులు ఆయన కాలమును మఱికొంత ఈవలికి తెచ్చిరి గాని, పదునైదవ శతాబ్దమనుటయే పెక్కుమందికి సమ్మతము. ఆయన వంశమువారు నాగర బ్రాహ్మణులు. హాటకేశ్వరుని కులదైవముగా కొలుచు శైవులు, విద్యావంతులు, రాజోద్యోగములలో పేరుపడినవారు. అట్టి ఇంట పుట్టి, చిన్ననాటనే తల్లిదండ్రులను కోల్పోయి, ఈ బాలుడు జునాగఢ్ నగరమున అన్నగారి పోషణలో పెరిగెను. ఎనిమిదేండ్ల వఱకు మాట రాలేదనియు, ఒక సాధువు చెవిలో భగవన్నామము నుపదేశింపగా నోరు తెఱచెననియు చెప్పుదురు. నోరు వచ్చినది మొదలు భజనయే వ్యాపకము. సంపాదన లేదు. వివాహము జరిగినను ఆ తీరు మాఱలేదు. అన్నగారు సహించినను వదినగారు సహింపలేకపోయెను. ఆమె ఆడిన ఒక పరుషవాక్యము గుండెకు తగిలి, నర్సీ ఇల్లు విడిచి వెడలిపోయెను.

అట్లు వెడలినవాడు సముద్రతీరమందలి గోపనాథ మహాదేవుని ఆలయము చేరి, ఏడు దినములు నిరాహారుడై కూర్చుండెను. శివుడు ప్రత్యక్షమై వరము కోరుమనగా, ఏమి కోరవలెనో తనకు తెలియదనియు, స్వామికి ఏది మిక్కిలి ప్రియమో దానినే అనుగ్రహింపుమనియు వేడెనట. శంకరుడు ఆ బ్రాహ్మణుని చేయి పట్టుకొని శ్రీకృష్ణుని రాసమండలమునకు కొనిపోయెను. అచట నర్సీకి లభించిన సేవ దివిటీ పట్టుట. చూచుచు చూచుచు ఒడలు మఱచి, దివిటీ కాలి మంట చేతి నంటుకొన్నను ఎఱుగకుండెను. శైవుని ఇంట పుట్టినవానికి శివుడే కృష్ణదర్శనము చేయించిన ఈ ఘట్టమును, హరిహరుల పేర వాదులాడువారు ఒకమారు నిదానముగా తలపోయదగును. తిరిగి వచ్చిన నర్సీ మొట్టమొదట వదినగారికి నమస్కరించెను. ఆమె పలికిన ఆ మాటయే లేకున్న తనకీ దర్శనము ఎక్కడిదని ఆయన భావము.

పిమ్మట భార్య మాణెక్‌బాయితో జునాగఢ్‌లో వేఱు కాపురము. కుమారుడు శామళదాసు, కుమార్తె కుంవర్‌బాయి. గిరినార్ పర్వతపాదమున, అశోక చక్రవర్తి ధర్మశాసనములు చెక్కిన గండశిలను దాటి కొంత దూరము పోయిన పిమ్మట, దామోదరకుండమను తీర్థమును, దాని చెంత దామోదరస్వామి ఆలయమును కలవు. వేకువజామున అచట స్నానమాడి, చేత కరతాళములు ధరించి పాడుచు ఇల్లు చేరుట ఆయన నిత్యకృత్యము. ఆయన మేలుకొలుపు పాటలను ఘూర్జరులు ప్రభాతియాలందురు. ఇంట మాత్రము పొయ్యి వెలిగిన దినములకంటె వెలుగని దినములే హెచ్చు.

ఈ దారిద్ర్యమునుండియే ఆయనను గూర్చిన ప్రసిద్ధకథలన్నియు పుట్టినవి. వానిలో హుండీ కథ మన హరికథకులకును తెలిసినదే. ఇచట హుండీ యనగా దేవాలయములలోని కానుకల పెట్టె కాదు. ఒక ఊరి వర్తకుడు వేఱొక ఊరి వర్తకుని పేర సొమ్ము చెల్లింపుమని వ్రాసియిచ్చు పత్రము. ద్వారకకు పోవు యాత్రికులు 700 రూపాయలు చేతికిచ్చి హుండీ కోరగా, నర్సీ శామళశా సేఠు పేర వ్రాసియిచ్చి, ఆ సొమ్ము సాధుసేవకు వినియోగించెను. ఆ పేరుగల వర్తకుడు ద్వారకలో లేడు. శ్రీకృష్ణుడే సేఠు వేషమున వచ్చి చెల్లించెను. కుమార్తె సీమంతమునకు పుట్టింటి కానుకలు తీసికొనిపోలేని తండ్రిని వియ్యాలవారు పరిహసింపగా, స్వామియే ఆ కానుకలు సమకూర్చిన కథ మఱియొకటి. ఈ రెండింటిని పదునేడవ శతాబ్దమున వడోదరకు చెందిన ప్రేమానందుడు ఆఖ్యానములుగా రచించెను. ఉంగరములు తొడిగిన వ్రేళ్ళతో రాగిబిందెపై తాళము వేయుచు ఇట్టి కథలను ఊరూర వినిపించు కథకులు ఘూర్జరమున ఉండెడివారు. వారిని మాణభట్టులందురు.

ఇక కేదారము. నర్సీకి రాగములలో మిక్కిలి ప్రియమైనది, దామోదరస్వామికి ఆయన కంఠమున మిక్కిలి ప్రియమైనది ఇదియేనని సంప్రదాయము. ఇది హిందూస్థానీ పద్ధతిలోని కేదారము. కల్యాణ్ థాట్‌కు చెంది, రెండు మధ్యమములు కలిగి, రాత్రి తొలిజామున పాడబడునది. మన కర్ణాటక సంగీతమున కేదారమను రాగమున్నది. ముత్తుస్వామి దీక్షితులవారు చిదంబర క్షేత్రముపై ఆనందనటనప్రకాశం కీర్తనను రచించినది దానియందే. అది వేఱు, ఇది వేఱు. ఉత్తరదేశపు కేదారమునకు మన హమీర్‌కల్యాణి దగ్గఱ చుట్టమని సంగీతవేత్తలు చెప్పుదురు. హమీర్‌కల్యాణిని విన్నవారు, నర్సీ ఏమి కోల్పోయెనో కొంత ఊహింపగలరు.

కోల్పోయిన విధమిది. ఒకనాడు సాధువులు గుంపుగా ఇంటికి వచ్చిరి. వారికి భోజనము పెట్టవలెను. ఇంట గింజలు లేవు, ఊర అప్పిచ్చువారు లేరు. తుదకు ఒక వడ్డీవ్యాపారి ఇచ్చుటకు సమ్మతించెను గాని తాకట్టు కోరెను. నగలు లేవు, పాత్రలు లేవు. ఆ వ్యాపారి బుద్ధిమంతుడు. ఈ మనుజుని వద్ద విలువగల వస్తువు ఒక్కటే కలదని ఎఱిగినవాడు. కేదార రాగమును తాకట్టు పెట్టుమనెను. బాకీ తీఱు వఱకు ఆ రాగమును పాడనని నర్సీ పత్రము వ్రాసి సంతకము చేసెను. సాధువులు తృప్తిగా భుజించి వెడలిరి.

ధర్మశాస్త్రమున ఋణాదాన ప్రకరణము చదివినవారికి ఈ తాకట్టు వింతగా తోచును. యాజ్ఞవల్క్యుడు తాకట్టును గోప్యాధి, భోగ్యాధి అని రెండు విధములుగా చెప్పెను. మొదటిది దాచియుంచవలసినది, రెండవది అప్పిచ్చినవాడు అనుభవింపదగినది. రాగము ఈ రెండింటిలో దేనికిని చేరదు. షాహుకారు దానిని పెట్టెలో పెట్టి తాళము వేయలేడు. తాను పాడుకొని అనుభవింపనులేడు. ఇంత చేసియు అది నర్సీ కంఠముననే ఉన్నది. నర్సీ మాట తప్ప దానికి వేఱు తాళము లేదు.

ఈ సందర్భమున మా ఇంటి సంగతి ఒకటి మనసున మెదలుచున్నది. మా తాతగారి తంబురాను, ఒక శుభకార్యమునకు సొమ్ము చాలక, మా తండ్రిగారు అమ్మివేసిరి. ఆ కార్యము చక్కగా జరిగినది, ఎవరికిని లోటు రాలేదు. అయినను సంధ్యావందనమైన పిమ్మట నామము పాడుకొనుటకు కూర్చుండినపుడు, ఆయన చేయి అలవాటు చొప్పున గోడమూలకు పోయి ఉత్తచేయిగా తిరిగి వచ్చుట నేను బాల్యమున పలుమార్లు చూచితిని. శ్రుతి లేక ఆయన పాట క్రమముగా చిన్నదైపోయెను. మేమడిగిన ఏమియు చెప్పెడివారు కారు. తంబురా పోయినవారికే ఇట్లున్న, నోటిలో రాగమును పెట్టుకొని పాడకూడని నర్సీకి ప్రతి రాత్రియు ఎట్లుండెనో!

ఆ స్థితిలోనే ఆయనకు ప్రాణముమీదికి వచ్చినది. అప్పటి జునాగఢ్ ప్రభువు చూడాసమా వంశపు రాజు రా మండలికుడు. 1451 ప్రాంతమున గద్దె నెక్కినవాడు. నర్సీపై ఊర అసూయాపరులు పెక్కురు. ఊరి వెలుపల వసించు అంత్యజులు తమ వాడలో భజన చేయుమని కోరగా ఆయన వెళ్ళి తెల్లవాఱు వఱకు పాడి వచ్చెను. దానికై స్వకులమువారు ఆయనను వెలివేసిరి. తరువాత నాలుగైదు శతాబ్దములకు గాంధీమహాత్ముడు వాడుకలోనికి తెచ్చిన హరిజన శబ్దమునకు మూలము నర్సీ పదములేనని ఆయనయే చెప్పియున్నాడు. ఇట్టివాడు భక్తుడా, కపటియా తేల్చవలెనని రాజు చెవిని పెట్టిరి. రాజు పెట్టిన పరీక్ష ఇది: గర్భాలయమున దామోదరస్వామి మెడలోని పూలదండ, ఎవరి చేయియు తగులకుండ, తెల్లవాఱులోపల నర్సీ మెడకు రావలెను. రానిచో మరణదండనము.

ఆ రాత్రి తలుపులు మూసియున్న సన్నిధి యెదుట నర్సీ కూర్చుండి పాడెను. తెలిసిన రాగములన్నియు పాడెను. దండ కదలలేదు. స్వామి కోరుచున్నదేదో ఆయనకు తెలియును. అదియో తాకట్టులో ఉన్నది. ఆ పత్రముపై సంతకము చేసిన చేతిని ఆయన ఆ రాత్రి ఎంత నిందించుకొనెనో! ఇచట ఒక విషయము గమనింపవలెను. ఆ వేళ కేదారమును పాడినచో అడ్డుకొనువాడెవ్వడును లేడు. షాహుకారు తన ఇంట నిద్రించుచున్నాడు. ప్రాణాపాయమున మాట తప్పినను లోకము తప్పు పట్టదు. శాస్త్రమును సడలింపు చూపును. నర్సీ పాడలేదు. దానికి బదులుగా స్వామితో కలహించెను. హారమాల పేర ప్రసిద్ధములైన పదములలో ఆ కలహము నేటికిని వినవచ్చును. లోభివని, మాట లేనివాడవని, ఒక పూలదండకు ఇంత పిసినారితనమేలయని స్వామిని నిష్ఠురములాడుటయే అందు హెచ్చు. తాను చచ్చినను చింత లేదుగాని, భక్తవత్సలుడను నీ పేరు చెడునని బెదరించుటయు కలదు. ఇంత చనువుగా దేవుని తిట్టిన భక్తుడు మనకు భద్రాచల రామదాసు తప్ప వేఱొకడు స్ఫురించుట లేదు.

రాత్రి సగమునకు పైగా గడచినది. అపుడు షాహుకారు ఇంటి తలుపు ఎవరో తట్టిరి. తెఱచి చూడగా నర్సీ మెహతా నిలిచియున్నాడు, చేత సొమ్ముమూట. అసలు, వడ్డీ లెక్కించి ఇచ్చి, పత్రమును తిరిగి పుచ్చుకొని, చెల్లుబడియైనట్లు దానిపై వ్రాయించుకొని వెడలిపోయెను. ఇట ఆలయమున కన్నులు మూసి కూర్చున్న నర్సీ ఒడిలో ఒక కాగితము వచ్చి పడెను. విప్పి చూడగా తన చేతివ్రాత, దాని క్రింద షాహుకారు చెల్లు.

భక్తుని గొంతున కేదారము మరల పలికెను. దండ స్వామి మెడ విడిచి నర్సీ మెడలో పడెను. రాజు క్షమాపణ వేడెను.

మాకు ఈ కథలో దండకంటె ఆ కాగితమే గొప్పగా తోచును. స్వామి తలచుకొన్నచో కేదారము లేకయే దండ నీయవచ్చును. లేదా పత్రమును మాయము చేయవచ్చును. అట్లు చేయలేదు. అర్ధరాత్రి అప్పులవాని వేషమున పోయి, వాకిట నిలిచి, వడ్డీతో సహా చెల్లించి, రసీదు తెచ్చెను. నరుడు పుట్టుకతోనే మూడు ఋణములు మోసికొని వచ్చుచున్నాడని వేదము. ఋణమన్న మాటను స్వామియు అంత గౌరవముతో చూచెను. మఱియు ఆ రాత్రి స్వామిని కన్నులార చూచి, ఆయన చేతినుండి సొమ్ము పుచ్చుకొన్నవాడు నర్సీ కాదు, షాహుకారు! తెల్లవాఱి నిజము తెలిసినపుడు ఆ షాహుకారు స్థితి యెట్లుండెనో ఊహింపదగును.

తరువాతి కథ క్లుప్తము. నర్సీ జీవితకాలముననే భార్యయు కుమారుడును గతించిరి. ఆయన ఆ దుఃఖమును కూడ పాటగనే మలచుకొనెను. 1472 నాటికి జునాగఢ్ రాజ్యము గుజరాత్ సుల్తాను మహమూద్ బేగడా వశమై, మండలికుని పాలన అంతరించెను. నర్సీ చివరి దినములు సముద్రతీరమందలి మాంగరోళులో గడచెనని చెప్పుదురు.

ఆయన తన పదములను గ్రంథముగా వ్రాసిపెట్టలేదు. నోటినుండి నోటికి ప్రాకి, తరములు గడచిన పిమ్మట ప్రతులకెక్కినవి. అందుచే ఏది ఆయనది, ఏది తరువాత చేరినదని పండితులు తర్కింతురు. 1762లో మహారాష్ట్రుడైన మహీపతి రచించిన భక్తవిజయమున ఈయన చరిత్ర చేరి, దేశమంతట వ్యాపించెను. ఆ పదముల సంకలనములు తెఱచి చూచినచో, పెక్కింటి శీర్షమున రాగము పేరు కేదారో అని కనబడును. జునాగఢ్‌లో ఆయన భజన చేసిన చోటుగా చూపు చావడి నేటికిని కలదు. దామోదరకుండమున తెల్లవాఱుజామున స్నానమాడువారు ఆయన ప్రభాతియాలను నేటికిని పాడుకొనుచున్నారు.