కాపయ నాయకుడు

కోనసీమలోని పలివెల గ్రామము కొప్పేశ్వరస్వామి ఆలయముచే ప్రసిద్ధి గాంచినది. ఆ సీమలోనే విలస యను మరియొక గ్రామము కలదు. ఆ యూరిని అగ్రహారముగా దానము చేయుచు ముసునూరి ప్రోలయ నాయకుడు వ్రాయించిన తామ్రశాసనము ఆంధ్రదేశ చరిత్రకు మిక్కిలి విలువైనది. ప్రోలయ ప్రారంభించిన మహాకార్యమును కడతేర్చినవాడు అతని పినతండ్రి కుమారుడగు కాపయ నాయకుడు.

క్రీ.శ. 1323లో ఢిల్లీ సైన్యము ఓరుగల్లును జయించెను. కాకతి ప్రతాపరుద్రుడు బందీయై, ఢిల్లీకి పోవు త్రోవలో నర్మదాతీరమున మరణించెను. కాకతీయుల కాలమున ప్రతి నాయకుడును రాజు తనకిచ్చిన గ్రామముల ఆదాయముతో కొంత సైన్యమును పోషించి, రాజాజ్ఞ కాగానే దానిని యుద్ధమునకు నడిపించుచుండెను. ఆజ్ఞాపించు రాజు లేకపోగా ధనమును, బలమును నాయకుల యొద్ద చెదరిపోయెను. వీరులు పెక్కుమంది యున్నను, ఏ యొక్కడును ఒంటరిగా శత్రువు నెదిరింపజాలడయ్యెను.

ప్రోలయ గోదావరీ ప్రాంతపు అడవులలో రేకపల్లెను నెలవుగా చేసికొని నాయకులను కూడగట్టెను. రైతులు తమ పంటలో రాజభాగమును సంతోషముతో అతనికిచ్చిరని విలస శాసనము తెలుపుచున్నది. ప్రోలయ అనంతరము కాపయ నాయకత్వము వహించెను. అతనిని డెబ్బదియైదుగురు నాయకులు కొలిచిరని 1423 నాటి కలువచేరు శాసనము వలన తెలియుచున్నది. కాపయ హొయసల రాజగు మూడవ బల్లాలుని సాయమును గూడ పొందెను. ఇట్లు పలువురి సేనలు ఒకే సంకల్పముతో కదలగా, 1336 ప్రాంతమున ఢిల్లీ ప్రతినిధియగు మాలిక్ మక్బూలు ఓరుగల్లు విడిచిపోయెను. కాపయ ఆంధ్రదేశాధీశ్వరుడని బిరుదు వహించెను.

కాని ఆపద తొలగినంతనే ఐకమత్యము సడలెను. అద్దంకి రెడ్లు, రాచకొండ రేచర్లవారు తమతమ రాజ్యములను చూచుకొనసాగిరి. ఒకరి పొలిమేర ప్రమాదము మరియొకరికి పట్టదయ్యెను. 1347లో బహమనీ రాజ్యమేర్పడెను. దాని ధాటికి నిలువలేక కాపయ మొదట కౌలాసు కోటను, పిమ్మట గోల్కొండను వదలుకొనెను. తుదకు 1368 ప్రాంతమున భీమవరమను చోట రేచర్లవారితో పోరుచు ప్రాణములు విడిచెను. పరాయి సేనలను వెడలగొట్టిన వీరుడు తెలుగువారి చేతనే కూలెను.

కాపయకు శౌర్యము కొరవడలేదు; విజయానంతరము నాయకుల ధనమును, బలమును ఒక్క త్రాట నిలుపు ఏర్పాటు కొరవడినది. నేటి ప్రభుత్వములందును రక్షణశాఖ, ఆర్థికశాఖ, హోంశాఖ ముందుగా కూడి ఆలోచించి, వ్యయమును కలసి నిర్ణయించుకొన్నప్పుడే దేశము సురక్షితమగును. ఆపద వచ్చిన పిమ్మట కలియుట కంటె, అది రాకమునుపే కలసియుండుట మేలని కాపయ చరిత్ర మనకు బోధించుచున్నది.