మూలభాషలో దేవుని స్వరము వినిన పండిత రమాబాయి

1858 ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూల అరణ్యమందు రమాబాయి జన్మించెను. ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. స్త్రీకి దేవభాష నేర్పరాదని నాటి పెద్దలు నిషేధించినను, ఆయన తన భార్య లక్ష్మీబాయికి దానిని నేర్పెను; ఆ తల్లి కుమార్తెకు నేర్పెను. భాగవతమందలి 18,000 శ్లోకములు ఆ బాలికకు కంఠస్థములాయెను. పురాణపఠనమే జీవనాధారముగా ఆ కుటుంబము కాలినడకన పుణ్యక్షేత్రములన్నియు తిరిగెను.

తెలుగు సీమకును ఆమె జీవితమునకును కన్నీటి బంధము కలదు. కరవు కాలమున చేతిలోని ధనమంతయు దానధర్మములకు వ్యయమైపోగా, ఆ కుటుంబము తిరుపతి ప్రాంతపు అడవులలో పదకొండు దినములు ఆకులు, నీళ్లు, అడవిపండ్లతో ప్రాణము నిలుపుకొనెను. 1874లో తండ్రి కన్నుమూసెను. కొద్ది వారములకే రాయచూరులో తల్లియు మరణించెను. అన్నయగు శ్రీనివాసశాస్త్రితో కలిసి రమాబాయి మరల నడక సాగించెను. 1878లో కలకత్తా పండితులు ఆమె విద్వత్తును పరీక్షించి, పండిత, సరస్వతి అను బిరుదులతో సన్మానించిరి. 1880లో అన్నను, 1882లో భర్తయగు బిపిన్ బిహారీ మేధావిని పోగొట్టుకొని, పసిబిడ్డ మనోరమతో ఆమె ఒంటరిగా మిగిలెను.

1883లో ఇంగ్లండు వెళ్లి, వాంటేజిలో ఆమె బాప్తిస్మము పొందెను. అయితే పాశ్చాత్య సంఘము చెప్పినదంతయు విచారింపక అంగీకరించుటకు ఆమె మనస్సు ఒప్పుకొనలేదు. ఒక పురోహిత వర్గపు కాడి నుండి విడుదల పొందినది మరియొక కాడి క్రింద మెడ పెట్టుటకు కాదని ఆమె తలంచెను. సిలువ మీద లాటిను మాటలుండుట ఆమెకు నచ్చలేదు. సంస్కృతమే ఉండవలెనని కోరెను. క్రీస్తును అంగీకరించుట వేరు, ఆయనకు ఐరోపావారు తొడిగిన వస్త్రమును ధరించుట వేరు అని ఆమె ఎరిగియుండెను.

1889లో బొంబాయిలో శారదా సదనము స్థాపించి, బాలవితంతువులకు ఆశ్రయమిచ్చెను. 1896-97 కరవులో మధ్య పరగణాల నుండియు, 1900 కరవులో గుజరాతు నుండియు ఆకలికి మాడుచున్న బాలికలను వందలకొలదిగా తీసికొనివచ్చి, పూనా సమీపమందలి కేడ్‌గావ్‌లో ముక్తి మిషనులో చేర్చుకొనెను. అచటి జనసంఖ్య సుమారు 2,000కు చేరెను.

ఆ బాలికలకు దేవుని వాక్యము అర్థమగు మాటలలో కావలసియుండెను. అప్పటి మరాఠీ బైబిలు భాష పండితులకు తగినదిగా ఉండెనే గాని, పొలములో నాట్లు వేయు స్త్రీకి అందునది కాదని రమాబాయి గ్రహించెను. అంతేకాదు, సంస్కృతము నుండి వచ్చిన మాట తనతోకూడ ఒక తత్త్వమును మోసికొనివచ్చునని ఆ శాస్త్రపండితురాలికంటె ఎవరు బాగుగా ఎరుగుదురు? కాబట్టి ఇంగ్లీషు బైబిలును మధ్యవర్తిగా పెట్టుకొనక, నడివయస్సు దాటిన తరువాత ఆమె హెబ్రీ, గ్రీకు భాషలను అభ్యసించి, మూలము నుండియే తర్జుమా చేయబూనెను. ముక్తి స్త్రీలే అచ్చుకూటములో అక్షరములు పేర్చిరి.

ఈ ప్రయాస ఏల అవసరమో ఒక్క మాట చాలును. ఆత్మ అనగానే ఈ దేశస్థునికి దేహమను చెరలో చిక్కుకొనిన అవినాశి తత్త్వము జ్ఞప్తికి వచ్చును. గ్రీకు తత్త్వమును చదివిన పాశ్చాత్యునికిని ఇంచుమించు అదియే తోచును. హెబ్రీయుని నెఫెష్ అట్టిది కాదు. అది ఊపిరి పీల్చుచు, ఆకలిగొను సంపూర్ణ ప్రాణి. ఆదికాండము జలచరములకును, మనుష్యునికిని ఆ మాటనే వాడుచున్నది. అట్లే, షెమా అనగా చెవితో వినుట మాత్రమే కాదు, విని లోబడుట. యాదా అనగా తెలిసికొనుట మాత్రమే కాదు, సహవాసములో ఎరుగుట. దావార్ అనగా మాటయు, జరిగిన కార్యమును. హెబ్రీయులకు సత్యము ఆలోచించి విడిచిపెట్టునది కాదు, నడువవలసిన త్రోవ. ఆకలిగొనిన దేహమును విడిచి ఆత్మను మాత్రమే రక్షించు సువార్త ఆ భాషలో ఇమడదు. ముక్తిలో రొట్టెయు, చదువును, చేతిపనియు, ప్రార్థనయు ఒకే కప్పు క్రింద ఉండుట ఆ గ్రంథమునకు తగిన వ్యాఖ్యానముగా నుండెను.

1921లో మనోరమ మరణించెను. తన పనికి వారసురాలు కావలసిన ఏకైక కుమార్తెను సమాధి చేసియు, వ్యాధితో కృశించియు, తల్లి కలము దించలేదు. తర్జుమా ముగించి, 1922 ఏప్రిల్ 5వ తేదీన ఆమె ప్రభువునందు నిద్రించెను. సంపూర్ణ బైబిలు 1924లో వెలువడెను. మూలమునకు అక్షరాలా కట్టుబడిన ఆ తర్జుమా సంఘములలో విస్తారముగా వాడుకలోనికి రాలేదు. అయినను ఆమె శ్రమ వ్యర్థము కాలేదు. అనాథ బాలికలకొరకు దేవుని మాటను దాని సొంత ఇంటిలోనే వెదకిన ఆమె జీవితము, అలవాటైన అర్థముతోనే తృప్తిపడు ప్రతి చదువరిని నేటికిని మేల్కొలుపుచున్నది.