రెండు దేశాలను కోరుకున్న మిర్రా అల్ఫాసా

పుదుచ్చేరి సముద్రతీరానికి కూతవేటు దూరంలో, ఒక పాత భవనం ముంగిట, చెట్టు నీడన పాలరాతి సమాధి ఉంది. ప్రతి ఉదయం దానిపై తాజా పూలు అమరుస్తారు. అందులో ఇద్దరు విశ్రమిస్తున్నారు. ఒకరు కోల్‌కతాలో పుట్టి, ఇంగ్లండులో చదివి, బ్రిటిష్ పాలకుల నుంచి తప్పించుకుని 1910లో ఈ ఫ్రెంచి పట్టణం చేరిన శ్రీ అరవిందులు. రెండవవారు పారిస్‌లో పుట్టిన మిర్రా అల్ఫాసా. లోకం ఆమెను శ్రీమాతగా ఎరుగును. అయితే ఆమె కుటుంబ మూలాలు పారిస్‌లోనూ లేవు, ఫ్రాన్స్‌లోనూ లేవు.

ఆమె తండ్రి మోయిజ్ మారిస్ అల్ఫాసా 1843లో ఏడ్రియనోపుల్ నగరంలో జన్మించారు. వృత్తిరీత్యా బ్యాంకరు. తల్లి మతిల్డ్ ఇస్మాలూన్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు చెందినవారు. ఇద్దరివీ యూదు కుటుంబాలే. ఆ కాలాన రెండు నగరాలూ ఒట్టోమన్ సుల్తానుల ఏలుబడిలోనివే. తరువాతి యాభై ఏళ్లలో ఆ నేలల రాత మారిపోయింది. ఏడ్రియనోపుల్‌ను 1913లో బల్గేరియా గెలుచుకుని, కొద్ది నెలలకే పోగొట్టుకుంది. 1920లో గ్రీకు సేనలు ఆక్రమించాయి. చివరకు అది టర్కీ గణతంత్రంలో చేరి నేడు ఎడిర్నేగా ఉంది. అలెగ్జాండ్రియా 1882లో బ్రిటిష్ సైన్యం చేతికి చిక్కి, 1922 తరువాత స్వతంత్ర ఈజిప్టు నగరమైంది. ఏడ్రియాటిక్ సముద్రపు ద్వీపాలలో ఇల్లు కదలకుండానే తాత ఆస్ట్రియా ప్రజగా, తండ్రి ఇటలీ ప్రజగా, కొడుకు యుగోస్లావియా పౌరుడిగా బతికిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అల్ఫాసాల పుట్టిళ్లదీ అదే గతి. తేడా ఒక్కటే: వారు ముందుగానే కదిలిపోయారు.

వలసకు దారి తీసినవారిలో మిర్రా అమ్మమ్మ మీరా ఇస్మాలూన్ పేరు ముందు చెప్పుకోవాలి. 1830లో కైరోలో పుట్టిన ఆమె, ఆడవారు గడప దాటడమే అరుదైన రోజుల్లో ఒంటరిగా యూరప్ దేశాలు తిరిగారు. ఈజిప్టు రాజకుటుంబ స్త్రీలకు పారిస్ దుస్తులు, ఆభరణాలు సమకూర్చారు. 1877లో కూతురు, అల్లుడు కూడా ఫ్రాన్స్ చేరారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 21న పుట్టిన పాపకు అమ్మమ్మ పేరే పెట్టారు. తండ్రికి ఫ్రెంచి పౌరసత్వం 1890లో గాని దక్కలేదు. అప్పటికి మిర్రాకు పన్నెండేళ్లు. తాను పుట్టిన ఊళ్లోనే పరాయివారి బిడ్డగా ఆమె బాల్యం గడిచింది.

అన్న మాతెయో ఆ కొత్త దేశాన్ని నిండు మనసుతో స్వీకరించారు. ఫ్రెంచి వలస పాలనా వ్యవస్థలో చేరి, ఆఫ్రికాలో ఉన్నత పదవులు నిర్వహించి, 1930లలో కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ ద్వీపానికి గవర్నరు అయ్యారు. చెల్లెలి దారి వేరు. జూలియన్ అకాడమీలో చిత్రకళ నేర్చారు. 1897లో చిత్రకారుడు ఆన్రీ మోరిసేను వివాహమాడారు. మరుసటి ఏడాది కుమారుడు ఆండ్రే పుట్టాడు. ఆమె చిత్రాలు పారిస్‌లోని పేరున్న ప్రదర్శనలలో చోటు పొందాయి. 1906, 1907 సంవత్సరాలలో ఆమె అల్జీరియాలోని త్లెమ్‌సెన్ వెళ్లి, మాక్స్ తెయోన్ వద్ద యోగవిద్యలు అభ్యసించారు. 1908లో వివాహం రద్దయింది. మూడేళ్ల తరువాత న్యాయవాది, తత్వచింతకుడు పాల్ రిషార్‌ను పెళ్లి చేసుకున్నారు.

పుదుచ్చేరి దారి చూపింది రిషారే. ఫ్రెంచి పార్లమెంటులో పుదుచ్చేరికి ఒక స్థానం ఉండేది. ఆ ఎన్నికల పని మీద 1910లో వచ్చినప్పుడు ఆయన అరవిందులను కలుసుకున్నారు. 1914లో మళ్లీ పోటీకి సిద్ధమై భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. కాగా మారు అనే జపాను నౌకలో కొలంబో చేరి, అక్కడి నుంచి పుదుచ్చేరి వచ్చిన మిర్రా, మార్చి 29న తొలిసారి అరవిందులను దర్శించారు. ఎన్నికలో రిషార్ ఓడిపోయారు. ఆగస్టు 15న మాత్రం ముగ్గురూ కలిసి ఆర్య అనే తాత్విక మాసపత్రికను ప్రారంభించారు. అప్పటికే యూరప్‌లో యుద్ధం మొదలైంది. సైన్యం పిలుపుతో రిషార్ స్వదేశానికి వెళ్లవలసి రాగా, 1915 ఫిబ్రవరిలో దంపతులు పయనమయ్యారు. తరువాత నాలుగేళ్లు జపానులో గడిపారు.

1920 ఏప్రిల్ 24న ఆమె తిరిగి వచ్చారు. ఆపై ఈ నేలను విడిచి వెళ్లలేదు. రిషార్ వెళ్లిపోయారు, వారి కాపురం ముగిసింది. పారిస్‌లో ఉండిపోయిన కుమారుడు తల్లిని మళ్లీ చూసింది 1949లో. అప్పటికి అతనికి యాభై ఏళ్లు దాటాయి. ఒక ఊరిని తనదిగా చేసుకోవడానికి ఆమె చెల్లించిన మూల్యంలో ఇది చిన్నది కాదు.

ఆ ఊరికీ చేతులు మారడం కొత్త కాదు. 1693లో డచ్చివారు, 1761 మొదలు పలుమార్లు ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకున్నారు. 1816లో గాని ఫ్రెంచి జెండా ఇక్కడ స్థిరపడలేదు. అటువంటి పట్టణంలో 1926 నవంబరు 24 తరువాత అరవిందులు ఏకాంతంలోకి వెళ్లగా, రెండు డజన్ల మంది సాధకులున్న ఆశ్రమ భారమంతా మిర్రా చేతికి వచ్చింది. వంటశాల నుంచి ముద్రణాలయం వరకు ప్రతి విభాగాన్నీ ఆమె స్వయంగా తీర్చిదిద్దారు. అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ కుమార్తె మార్గరెట్ ఇక్కడికే వచ్చి, 1944లో ఇక్కడే కన్నుమూశారు. చెక్ దేశంలో పుట్టిన వాస్తుశిల్పి ఆంటోనిన్ రేమండ్ రూపకల్పనలో లేచిన అతిథిగృహానికి నిజాం ప్రభుత్వ ధనం అందింది. హైదరాబాదు సంస్థానంలో ఉన్నత పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ అందుకు తోడ్పడ్డారు. ఆ కృతజ్ఞతతోనే ఆ భవనానికి గోల్కొండ అని పేరు పెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధంలో అరవిందులు, ఆమె మిత్రరాజ్యాల పక్షం వహించారు. బ్రిటిషువారిని సమర్థించడమేమిటని దేశాభిమానులు పలువురు నొచ్చుకున్నారు. ఇటు స్థానికులలోనూ కొందరికి ఆశ్రమం పరాయిదిగానే తోచింది. 1947 ఆగస్టు 15 రాత్రి జరిగిన దాడిలో ఆశ్రమవాసి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. 1965లో హిందీ వ్యతిరేక ఆందోళన వేళ ఆశ్రమ భవనాలు మరోసారి దాడికి గురయ్యాయి. అందరికీ తల్లిగా పిలిపించుకున్న ఆమె, ఇరుగుపొరుగులో కొందరికి చివరిదాకా బయటి మనిషే.

అరవిందులు 1950 డిసెంబరు 5న పరమపదించారు. నాలుగేళ్లకు ఫ్రెంచి పాలన ముగింపుకు వచ్చింది. 1954 అక్టోబరు 18న కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారతదేశంలో విలీనానికి ఓటు వేశారు. నవంబరు 1న అధికారం చేతులు మారింది. అంతకుముందే, ఆగస్టు 15న, మిర్రా తన కోరికను బహిరంగంగా ప్రకటించారు. జన్మ చేతా, చదువు చేతా తాను ఫ్రాన్స్‌కు చెందినదానినని, మనసారా ఎంచుకున్నది భారతదేశాన్నని, ఈ రెంటికీ తనలో వైరుధ్యం లేదని తెలియజేస్తూ, రెండు పౌరసత్వాలూ కావాలని కోరారు. భారత చట్టంలో అందుకు వీలు లేదు. 1956లో కుదిరి 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చిన విలీన ఒప్పందం కూడా పుదుచ్చేరి, కారైకాల్, మాహే, తెలుగువారి యానాం ప్రజలను రెంటిలో ఒక దేశాన్నే ఎంచుకోమంది. ఫ్రెంచి జాతీయత నిలుపుకోదలచినవారికి ఆరు నెలల గడువిచ్చింది. నాడు విడివిడిగా నిర్ణయించుకున్న కుటుంబాలలో ఆ ఎంపిక ఫలితాలు నేటికీ కనిపిస్తాయి.

చట్టం ఇవ్వలేని దానిని ఆమె మరో రూపంలో వెతుక్కున్నారు. 1968 ఫిబ్రవరి 28న, పుదుచ్చేరికి ఉత్తరాన ఎర్రమట్టి బీడులో, ఏ దేశానికీ చెందని నగరంగా ఆరోవిల్‌కు అంకురార్పణ జరిగింది. 124 దేశాల నుంచి తెచ్చిన మట్టిని తామరమొగ్గ ఆకారపు పాత్రలో పోశారు. తొంభై ఏళ్ల శ్రీమాత అక్కడికి వెళ్లలేదు. ఆశ్రమంలోని తన గది నుంచే చదివిన సందేశం ఆకాశవాణి ద్వారా అక్కడ చేరినవారికి వినిపించింది.

1973 నవంబరు 17న తొంభై అయిదవ ఏట ఆమె తనువు చాలించారు. అనంతరం ఆరోవిల్ యాజమాన్యంపై వివాదాలు చెలరేగగా, 1980లో కేంద్ర ప్రభుత్వం తాత్కాలికంగా నిర్వహణ చేపట్టింది. 1988లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. దేశాల హద్దులకు అతీతంగా తలచిన నగరానికి చివరకు ఒక దేశపు చట్టమే నీడ ఇచ్చింది.

ఏడ్రియనోపుల్, అలెగ్జాండ్రియా, పారిస్, పుదుచ్చేరి. మొదటి మూడూ ఆమెకు సంక్రమించినవి. నాలుగవది ఆమె కోరి తెచ్చుకున్నది. సమాధి మీద పూలు ఉంచేవారిలో ఆమె తాతల ఊరి పేరు తెలిసినవారు అరుదు.