ఎడమ కాలుతో మాత్రమే

మాది సిద్దిపేట. కాలేజీ ఫుట్‌బాల్ టీంలో నేను డిఫెండర్‌ని. నా ఎడమ కాలు ఉత్త డెకరేషన్! ఆ సంగతి ఎదుటి టీంకి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంక మ్యాచ్ అయ్యేదాకా నన్ను ఆ కాలి మీదికే నెడతారు. అట్లాంటి ఒక మ్యాచ్ ఓడిపోయి ఇంటికొచ్చిన సెలవుల్లోనే సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చదివాను. మీలో చాలామంది 'మైదాన్' సినిమాలో చూసిన కోచ్ ఆయనే.

రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తిరీత్యా బడి పంతులు. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

ఆయన నేర్పే పద్ధతి నాకు చాలా నచ్చింది. లెక్చర్ ఇచ్చే బదులు ఆట రూల్సే మార్చేసేవారు. డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంట్లు పెట్టారు. అందులో బంతి అందగానే పాస్ ఇవ్వాల్సిందే. ప్రత్యర్థి వచ్చి మీద పడేలోపే బంతి వెళ్లిపోతుంది, ఇంక అతనితో తోపులాట ఎందుకు? బలహీనమైన కాలుతోనే ఆడాల్సిన పోటీలు కూడా పెట్టారు. అలవాటైన దారి మూసేస్తే ఒళ్లు తప్పక కొత్త దారి వెతుక్కుంటుంది.

ఆయనకు ఓటములు లేవా అంటే, ఉన్నాయి. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన మన టీం, మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది అప్పుడు బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే కోచ్ టీంని నాలుగో స్థానానికి తెచ్చారు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనకు క్యాన్సర్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌దే. 1963 జూన్‌లో రహీం సాబ్ చనిపోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఆ సెలవులంతా మా తమ్ముడితో రోజూ అరగంట ఎడమ కాలుతోనే ఆడాను. మొదటి రోజు వాడు పడీపడీ నవ్వాడు. ఇప్పుడు నా పాస్‌లు పదింటిలో నాలుగు సరిగ్గా వెళ్తున్నాయి. జూనియర్స్, సాయంత్రం గ్రౌండ్‌కి రండి. కుడి కాలు వాడితే ఫౌల్!