మదనపల్లె చేంబర్లేన్ దొరగారు



మీరు క్రైస్తవులైతిరి గనుక పరదేశపు మతస్థులైతిరను మాట మన సంఘపు బిడ్డలు బడిలోను సంతలోను వినుచునే యున్నారు. వాదమువలన ఆ బిడ్డలకు ధైర్యము రాదు. వారి ఇంటి భాషలోనున్న గ్రంథము తెరచి, తామెవరో అందులో చూచుకొనవలెను. ఆ గ్రంథముకొరకు మన ప్రాంతముననే ముసలివారైన యొకరి సంగతి ఈ మాసము వ్రాయుచున్నాము.

జేకబ్ చేంబర్లేన్ దొరగారు 1835లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున పుట్టిరి. వేదాంతముతోపాటు వైద్యమును నేర్చి, 1860లో సతీసమేతముగా ఆర్కాటు మిషనుకు వచ్చిరి. కొంతకాలము పలమనేరులో నుండి 1863లో మదనపల్లె చేరిరి. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది. 1911లోనే చిత్తూరు జిల్లాలో కలిసినది.

ఆ 1863లోనే స్వదేశ సహాయకులు కొందరిని వెంటబెట్టుకొని, తెలుగు సువార్తలు బండ్లకెత్తించి, నైజాము రాజ్యము మీదుగా ఉత్తరమునకు బయలుదేరిరి. పోయి వచ్చిన దారి సుమారు 1,200 మైళ్లు. ఒక కోట ఊరిలో జనులు కోపించి వీరిని కొట్టుటకు రాళ్లు చేతబట్టిరట. దొరగారు పారిపోలేదు. కొట్టుటకు ముందు ఒక్క కథ వినుడని వేడుకొని, యేసుప్రభువు పుట్టుక మొదలు సిలువ వరకు తెలుగులో చెప్పిరి. వినుచు వినుచు జనులు కన్నీరు పెట్టి, రాళ్లను పారవేసి, పుస్తకములు కొనిరని ఆయనే తన గ్రంథములో వ్రాసియున్నారు. స్తెఫను ఎదుటి జనులు చెవులు మూసికొనిరి. వీరు చెవి యొగ్గిరి. దొర ముఖము పరాయిదే గాని ఆయన చెప్పిన కథ వారి భాషలో నుండెను గదా! ఆ ప్రయాణమున పట్టిన అడవి జ్వరము మాత్రము ఆయనను బ్రదుకంతయు బాధించెను.

తెలుగు బైబిలు ఆయనతో ఆరంభము కాలేదు. షుల్ట్జ్ అయ్యగారు 1732 నాటికే చెన్నపట్నమున తర్జుమా ముగించిరి గాని అది అచ్చుకు నోచుకొనలేదు. సంపూర్ణ గ్రంథము 1854లో అచ్చయినది. దానిని సవరించుటకు ఏర్పడిన సంఘమునకు చేంబర్లేన్ గారు 1873 మొదలు 1894 వరకు అధ్యక్షులుగా నుండిరి. ఇరువదియొక్క యేండ్లు! మన సంఘములలో కీర్తనలో నొక్క మాట మారినను పెద్దలు సణుగుదురు. హెబ్రీ, గ్రీకు మూలములతో ప్రతి వచనమును సరిచూచి, పండితుడు మెచ్చవలె, పల్లెలోని అవ్వకు తెలియవలె ననినచో ఎంత ఓర్పు కావలయునో ఆలోచించుడి. అట్టి పనిలో తోడ్పడిన మున్షీల పేర్లు మన బైబిలు అట్టమీద లేవు. అది న్యాయము కాదని మా తలంపు.

నిరీక్షణ యను మాటనే చూడుడి. లోకవాడుకలో అది ఎదురుచూచుట మాత్రమే. మన బైబిలులోనో, అబ్రాహాము కాటికి కాళ్లు చాచిన ప్రాయమున విడువక పట్టుకొనినది అదే. వానకొరకు మబ్బు చూచు రాయలసీమ రైతునకు ఈ పదము వివరింప నక్కరలేదు.

దొరగారు ఒక చేత మందులు, ఒక చేత గ్రంథము పట్టి, మదనపల్లెలోనే 1908 మార్చి 2వ తేదీన ప్రభువునందు నిద్రించిరి. అమెరికా వారికొరకు వ్రాసిన పుస్తకములలో పులులు, పాములు కొంచెము ఎక్కువే. ఆయన ఏండ్ల తరబడి సవరించిన తెలుగు వచనములలో అవి యేమియు లేవు. అక్కడ దొరగారే కనబడరు.